పెద్దలు వదిలేసిన పరిచర్య

పాస్టరుగారు సినిమా గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ కథలో సంఘానికి ఒక పాఠముంది. 1953లో బ్రిటన్‌లో ‘ట్వైస్ అపాన్ ఎ టైమ్’ అనే కుటుంబ హాస్యచిత్రం వచ్చింది. విడిపోయిన తల్లిదండ్రుల దగ్గర చెరొకరుగా, ఒకరున్నట్టు మరొకరికి తెలియకుండా పెరిగిన కవల ఆడపిల్లలు సెలవుల్లో కలుసుకుంటారు. నిజం గ్రహించి, ఒకరి ఇంటికి మరొకరు వెళ్తారు. ఆ తికమకలు చూసి ప్రేక్షకులు నవ్వుకుంటుండగానే, చివరికి అమ్మానాన్నలు ఒక్కటవుతారు. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1949 నాటి నవల దీనికి మూలం. ఇదే కథ హాలీవుడ్‌లో 1961లో ‘ది పేరెంట్ ట్రాప్’ అయింది, తమిళం మీదుగా 1966లో మనకు ‘లేత మనసులు’గా వచ్చింది. హరనాథ్, జమున భార్యాభర్తలు కాగా, కవలలిద్దరి పాత్రలనూ కుట్టి పద్మినే పోషించింది. మా కోనసీమలో పెద్దవాళ్లు ఆ సినిమాను ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు.

కథ ముచ్చటైనదే. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. చుట్టూ అంతమంది పెద్దలుండగా, ఆ ఇంటిని కలిపే భారం పసిపిల్లల మీద ఎందుకు పడింది?

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది సినిమా చూసినప్పుడు కాదు. కొన్నేళ్ల క్రితం రాజోలు ప్రాంతంలోని ఒక సంఘంలో వేసవి వీబీఎస్ జరుగుతోంది. ప్రార్థన అవసరతలు చీటీలమీద రాయమంటే, పదేళ్ల పాప ఒకతె ‘మా అమ్మా నాన్నా నాతో కాకుండా వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవాలి’ అని రాసింది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది. పంపిన డబ్బు దగ్గర మాటామాటా పెరిగి భార్యాభర్తల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆమె ఫోనులో పాపను అడుగుతుంది, అతను పాపతోనే జవాబు చెప్పిస్తాడు. కఠినమైన మాటలన్నీ ఆ చిన్ననోటి గుండానే ఇటూ అటూ వెళ్లాలి. ఆ చీటీ చదివాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే ‘మీ నాన్నను ఒకసారి చర్చికి రమ్మన్నానని చెప్పమ్మా’ అని నేను కూడా ఆ పాపతోనే ఎన్నోసార్లు కబురు పంపాను!

పరలోకరాజ్యంలో ఎవరు గొప్ప అని శిష్యులు అడిగినప్పుడు యేసుప్రభువు ఒక చిన్నబిడ్డను వారి మధ్య నిలబెట్టాడు (మత్తయి 18:1-4). చాలా ఇళ్లు చీలిపోయేదీ ఈ ‘ఎవరు గొప్ప’ అన్న దగ్గరే. ‘లేత మనసులు’లో కూడా కలవారి అత్తగారి పెత్తనమే కాపురాన్ని విడదీసింది. మనమూ బిడ్డను మధ్యలో నిలబెడుతున్నాం. కానీ ప్రభువు నిలబెట్టింది పెద్దలు ఆ బిడ్డను చూసి తగ్గించుకోవాలని, మనం నిలబెడుతున్నది మన బరువు ఆ బిడ్డ నెత్తిన పెట్టాలని. చిన్నవారికి ఆటంకం కలిగించేవారిని ప్రభువు ఎంత కఠినంగా హెచ్చరించాడో ఆ వెంటనే ఉంది (18:6).

సమాధానపరచే పరిచర్యను దేవుడు విశ్వాసులకు అప్పగించాడని పౌలు రాశాడు (2 కొరింథీ 5:18). ఆ పరిచర్యకు వెల ఉంటుంది. ఫిలేమోను, ఒనేసిముల మధ్య నిలిచినప్పుడు పౌలు ఉత్తరం రాసి ఊరుకోలేదు, ఒనేసిము బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమన్నాడు (ఫిలే 18,19). సిలువమీద క్రీస్తు చేసింది కూడా ఇదే కదా! మధ్యవర్తి అంటే కబుర్లు మోసేవాడు కాదు, నష్టం మోసేవాడు. పసిపిల్లలు ఆ నష్టాన్ని ఎలా మోయగలరు?

విడిపోయిన ప్రతి జంటనూ బలవంతంగా ఒకే కప్పు కిందికి తేవాలని కాదు. కొట్టి హింసించే ఇంటికి తిరిగి వెళ్లమని ఒక స్త్రీకి చెప్పడం సమాధానం కాదు, అది అన్యాయం. తల్లిదండ్రులు విడిపోయినందువల్ల బాధపడే పిల్లలున్నట్టే, విడిపోనందువల్ల బాధపడే పిల్లలూ ఉన్నారని కెస్ట్‌నర్ తన నవలలోనే ఒప్పుకున్నాడు. అయితే తల్లిదండ్రులు కలిసినా, కలవకపోయినా పిల్లలు మాత్రం రాయబారులు కాకూడదు.

ఆ వారమే ఇద్దరు సంఘపెద్దలను తీసుకుని ఆ తండ్రి ఇంటికి వెళ్లాను. మొదటిరోజు ఆయన మాతో మాట్లాడనేలేదు. అయినా మళ్లీమళ్లీ వెళ్లాం. సినిమాలోలాగా చివరి రీలులో అంతా చక్కబడలేదు. కాని డబ్బు లెక్కలు ఇప్పుడు ఒక సంఘపెద్ద ద్వారా నడుస్తున్నాయి. అమ్మ ఫోను చేస్తే పాప బడి కబుర్లు చెబుతోంది. అదీ చిన్న విజయం కాదు.

మన సండేస్కూలు బల్లలమీద ఇలాంటి పిల్లలు ఎందరున్నారో! వాళ్లచేత వాక్యాలు కంఠస్థం చేయిస్తున్నాం, క్రిస్మస్ నాటికలు వేయిస్తున్నాం. వాళ్లు చీటీలమీద రాసేది కూడా చదువుదాం. చదివాక కబురు పంపొద్దు, మనమే వెళ్దాం.