ఆరోగ్యహక్కునకు మినహాయింపులా?

రాజస్థాన్ శాసనసభ 2023 మార్చి 21న అత్యవసరమున ముందుగా సొమ్ము కట్టకయే చికిత్స పొందుటకు వీలిచ్చు ఆరోగ్యహక్కు బిల్లును ఆమోదించి, దేశమున మరి యే రాష్ట్రమును అంతకుమున్ను చేయని పని చేసినది. కాని రెండువారములకే, ఏప్రిల్ 4న, సమ్మె కట్టిన ప్రైవేటు వైద్యులతో ప్రభుత్వము చేసికొనిన ఒడంబడికవలన ఆ హక్కు చిక్కి సగమైనది.

వైద్యసంఘములు శాసననిర్మాణమున కల్పించుకొనుట తప్పని మేమనము. నాడి పట్టి చూచువారి యనుభవము సచివాలయమున ముసాయిదా వ్రాయువారికి లేదు. అత్యవసరస్థితి యననేమో విస్పష్టముగా లేదనియు, రోగి చెల్లింపజాలని సొమ్మును ప్రభుత్వమెప్పుడు, ఏ రేటున ఇచ్చునో తేలలేదనియు వైద్యులు చేసిన ఆక్షేపణ న్యాయమైనదే. చెల్లింపువిధానమును శాసనము నియమావళికి వదలివేసినది. సర్కారు బాకీలెట్లుండునో, ఆరోగ్యశ్రీ బిల్లులకై నెలలతరబడి వేచి, సేవలు నిలిపివేయుదుమని పలుమారులు హెచ్చరించిన మన ఆసుపత్రులవారికి వేరుగ చెప్పనక్కరలేదు. జయపురవీథులలో వైద్యులపై నీటిఫిరంగులు ప్రయోగించుటయు ప్రభుత్వమునకు తగినపని కాదు.

ఇంత న్యాయము తమ పక్షమున నుండగా, 1928లో నెలకొనిన భారత వైద్యసంఘము (ఐ.ఎం.ఏ.) అంతటి సంస్థ దేశమంతట అండగా నిలువగా, వారు సాధించినదేమి? బకాయిల చెల్లింపునకు గడువు కాదు, మినహాయింపు. బహుళవిభాగములు గల ప్రైవేటు ఆసుపత్రులలో 50 పడకలకు లోపువియు, ప్రభుత్వమునుండి భూమిగాని రాయితీగాని పొందని ప్రైవేటు ఆసుపత్రులన్నియు శాసనపరిధి దాటిపోయినవి. రహదారిపై లారీ గుద్ది నెత్తురోడుచున్న కూలివానిని ఆటోలో వేసికొని వచ్చిన తోటివారు, ఆ భవనము ఎవరి భూమిపై లేచినదో, మేడమీద పడకలు నలువదియో అరువదియో విచారించి గుమ్మమెక్కగలరా? అడ్వాన్సు కట్టుడని కౌంటరువద్ద వినినపుడే వారికి తెలియును.

ప్రాణాపాయమున నున్నవానికి తక్షణచికిత్స చేయుట ప్రభుత్వవైద్యునికే గాక ప్రైవేటు వైద్యునికిని విధియని, 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పియేయున్నది. ఏ ఒడంబడికయు ఆ విధిని తొలగింపజాలదు. రోగి ఇచ్చుకొనలేని ఖర్చును ప్రభుత్వమునుండి రాబట్టుకొను హక్కును రాజస్థాన్ శాసనపు మూడవ సెక్షను వైద్యునికే ఇచ్చినది. మినహాయింపు కోరి చిన్న ఆసుపత్రులవారు బాధ్యతను నిలుపుకొని, ఆ హక్కును జారవిడుచుకొనిరి. నాయకత్వము ఈ లెక్క చూడకపోవుట మమ్ము మిక్కిలి బాధించుచున్నది.

తెలుగునాట ఇట్టి శాసనము తలపెట్టిననాడు మన వైద్యసంఘములు ఒక్క ఆసుపత్రికిని మినహాయింపు కోరరాదు. బిల్లు చెల్లింపునకు గడువును, జాప్యమునకు వడ్డీని, అత్యవసరస్థితికి వైద్యులే వ్రాసిన నిర్వచనమును పట్టుబట్టి సాధింపవలెను. అత్యవసరవిభాగముల తలుపులు మూయక వారు వీటికై ఉద్యమించినచో ఈ పత్రిక వారి పక్షమున నిలుచును.