అసోసియేషన్‌లో సభ్యురాలెవరు?

పాతబస్తీలో అపార్ట్‌మెంట్లు ఎక్కడున్నాయని అడిగేవాళ్ళు మూసీ దాటి ఇటు వచ్చి చాలాకాలమై ఉండాలి. శాలిబండ, మొఘల్‌పురా, హుస్సేనీఆలం గల్లీల్లో పాత దేవిడీలు పంపకాలై, అమ్ముడై, ఆ జాగాల్లో మూడు నాలుగు అంతస్తుల భవనాలు లేచాయి. ఒక సెహన్ చుట్టూ నాలుగైదు కుటుంబాలు బతికిన చోట ఇప్పుడు ఒక మెట్లదారి చుట్టూ ఏడెనిమిది కుటుంబాలు బతుకుతున్నాయి. ఉమ్మడిగా ఉన్నదాన్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న అప్పుడూ ఉంది. ఇప్పుడు దానికి అసోసియేషన్ అని పేరొచ్చింది, రసీదు పుస్తకం వచ్చింది, రబ్బరు స్టాంపు వచ్చింది. ఈ సంఘాల మంచిచెడ్డలను సాధారణంగా ఆస్తి విలువ పెరిగిందా తగ్గిందా అనే లెక్కలోనే చూస్తారు. స్త్రీల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది.

మంచి లేదని కాదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళ కోసం రాత్రివేళ మేలుకుని కూర్చునేది ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళే. సంపు శుభ్రం చేయించి, మోటారు బాగుచేయించి, ట్యాంకర్ ఖర్చు అందరికీ పంచే సంఘం ఒకటుంటే ఆ నిద్ర కొంత తిరిగొస్తుంది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021లో మొదలైనప్పుడు, భవనమంతటికీ ఒకే కనెక్షన్ ఉన్నచోట ఫ్లాట్ల వివరాలు సేకరించి, ఆధార్ అనుసంధానం చేయించి, వాటర్ బోర్డు చుట్టూ తిరగడానికి ఎవరో ఒకరు పూనుకోవాల్సి వచ్చింది. ఇలాంటి పని ఒంటరిగా ఉండే వితంతువు ఒక్కతే చేసుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఇక మెట్లదారి సంగతి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు. పైకి వెళ్ళడానికి ఉన్నది ఒకే ఇరుకైన దారి అని అప్పుడు అందరూ చెప్పుకున్నారు. అది ఒక కుటుంబం ఉన్న ఇల్లు, అపార్ట్‌మెంటు కాదు. అయినా ఆ వార్త చదివాక, మెట్లమీద సిలిండర్లూ పాత బీరువాలూ పెట్టొద్దని పట్టుబట్టే సెక్రటరీ మీద నాకు కోపం రావడం మానేసింది.

అయితే ఆ సెక్రటరీని ఎన్నుకున్నది ఎవరు? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం గానీ, 2016లో వచ్చిన రెరా చట్టం గానీ యజమాని చుట్టూనే తిరుగుతాయి. రెరాలో అలాటీ అంటే ఎవరో చెప్పే నిర్వచనంలోనే, అద్దెకు తీసుకున్నవారు అందులోకి రారని స్పష్టంగా రాశారు. సగానికి పైగా ఫ్లాట్లు బుక్కయ్యాక మూడు నెలల్లో ఏర్పడాల్సిన సంఘం ఈ అలాటీలదే. పైగా 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినవీ, ఎనిమిది ఫ్లాట్లు మించనివీ ఆ చట్టం కింద రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. గల్లీల్లో లేచే భవనాలు ఎక్కువగా ఈ కొలతల్లోనివే. కాబట్టి ఇక్కడి నియమాలు ఏ అధికారీ చూడకుండా, నలుగురు మగవాళ్ళు కూర్చుని రాసుకున్నవై ఉంటాయి.

దస్తావేజులో పేరున్నవారే సభ్యులు. మన ఇళ్ళల్లో ఆ పేరు ఎవరిదో మనకు తెలుసు. హిందూ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే ఇచ్చారు. ముస్లిం స్త్రీకి షరియత్ ప్రకారం తండ్రి ఆస్తిలో వాటా ఎప్పటినుంచో ఉంది. రెండు చోట్లా అన్నదమ్ములతో మంచిగా ఉండాలని వదులుకున్న వాటాలే ఎక్కువ కనిపిస్తాయి. ఫ్లాట్ భార్య పేరున కొన్నచోట కూడా మీటింగుకు వెళ్ళేది భర్త. ఊళ్ళో సర్పంచి భర్తను చూసి నవ్వుతాం గానీ, మన మెట్లకిందే ఫ్లాటు ఓనరు భర్తను గమనించం. గ్రేటర్ కార్పొరేషన్ ఎన్నికల్లో 2016లోనూ, 2020లోనూ 150 వార్డుల్లో సగం స్త్రీలకు కేటాయించారు. వార్డును నడపగలిగే స్త్రీ మెట్లదారిని నడపలేదా?

ఆస్తి లేనివారికి ఇంటిమీద హక్కు ఎలా వస్తుందని కొందరు వాదిస్తారు. దానికి జవాబు చట్టంలోనే ఉంది. 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్, ఇంటిమీద హక్కు పత్రం ఉన్నా లేకున్నా ఉమ్మడి గృహంలో నివసించే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా ఆ నిర్వచనంలోకి రావచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఇల్లు కాగితంతో మాత్రమే కాదు, నివాసంతో కూడా ఏర్పడుతుందని గుమ్మం లోపల ఒప్పుకున్నాం. గుమ్మం బయట, మెట్లమీద ఎందుకు ఒప్పుకోం?

ఓటు లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇళ్ళలో చేసుకునే పని దగ్గర బాగా తెలుస్తుంది. ఇటువైపు ఇల్లే కార్ఖానా. మగ్గం పని, లక్క గాజులకు రాళ్ళు అతకడం, అగర్‌బత్తీలు చుట్టడం - ఇవన్నీ ఆడవాళ్ళు వంటకీ పిల్లలకీ మధ్య చేసే పనులు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం. కానీ ఆ గాజులు తయారయ్యే గదికి అసోసియేషన్ నుంచి 'నివాసానికి మాత్రమే' అన్న నోటీసు రావచ్చు. ఇక్కడ ఒక తేడా చూడాలి. లక్క కరిగించే నిప్పు మూడో అంతస్తులో పెట్టొద్దనడం న్యాయమే, గుల్జార్ హౌజ్ తర్వాత దాన్ని కాదనలేం. మేడమీద మగ్గం వేసుకుని నలుగురమ్మాయిలు కూర్చుని కుట్టుకుంటే ఎవరికేం ప్రమాదం? అదే భవనంలో ఒక వకీలు ముందుగదిలో క్లయింట్లతో మాట్లాడుకుంటే అది వ్యాపారం అనిపించుకోదు. ఇంటిదగ్గర చేసే పని కూడా పనేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. మన కమిటీలు దాని పేరైనా విని ఉండవు.

ఇక నడవడి. ఒంటరిగా అద్దెకుండే ఉద్యోగిని ఇంటికి ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో వాచ్‌మన్ పుస్తకంలో రాయిస్తారు. పక్క ఫ్లాట్లో రాత్రి భార్యను కొడుతుంటే మాత్రం 'అది వాళ్ళ ఇంటి విషయం' అంటారు. జోక్యం చేసుకోకూడదన్న నియమం సంఘానికి లేదని మొదటిదానితోనే తేలిపోయింది కదా. ఎవరు పొరుగున ఉండాలో తేల్చే అధికారమూ ఇలాగే వస్తుంది. ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. కర్ఫ్యూల జ్ఞాపకం ఇంకా పోని మన ఊళ్ళో ఆ దారి ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. చిన్న మైనారిటీ తనను తాను కాపాడుకోవడం ఒకటి, పెద్ద సమూహం తలుపు వేసుకోవడం ఒకటి.

ఇన్ని చెప్పి వాచ్‌మన్ భార్యను వదిలేస్తే నేనూ ఆ కమిటీ లాగే లెక్క రాసినట్టు. కొంచెం పెద్ద భవనాల్లో జీతం వాచ్‌మన్‌కి. మెట్లు తుడిచేది, చెత్త దించేది, మోటారు వేసేది, అతను లేనప్పుడు గేటు దగ్గర కూర్చునేది ఆమె. సెల్లార్లో ఒక గది ఇచ్చాం కదా అంటారు. ఆ గదికి తలుపు ఉంటుంది, ఒక్కోసారి కిటికీ ఉండదు. సంఘం ఖర్చుల పట్టికలో ఫినాయిల్‌కి ఒక వరస ఉంటుంది, ఆమెకుండదు.

అందువల్ల సంఘాలు వద్దని నేననను. లేనిచోట కట్టుకోవాలనే అంటాను. నిర్మాణపు మరమ్మతు ఖర్చు, అమ్మకం వంటివి యజమానులు తేల్చుకోవచ్చు. నీళ్ళు, మెట్లు, దీపాలు, మేడ వాడకం - వీటిమీద ఓటు అక్కడ నివసించే పెద్దలందరికీ ఉండాలి, అద్దెవారితో సహా. కమిటీలో సగం స్త్రీలుండాలి. భర్త సంతకం భార్య సంతకంగా చెల్లకూడదు. మీటింగు ఆదివారం పదకొండింటికి పెట్టకండి, ఆ వేళకి పొయ్యిమీద ఏముంటుందో అందరికీ తెలుసు. బైలాస్ నకలు తెలుగులోనూ ఉర్దూలోనూ అడిగి తీసుకోండి. ఖర్చుల పట్టిక చదివేటప్పుడు, మెట్లు తుడిచినందుకు ఎవరికెంత ఇచ్చారో, ఎవరి చేతికిచ్చారో అడగండి.