ద్వీపం చేయని నేరం

అపరాధ పరిశోధక నవలను నిందించేవారు సాధారణంగా అందులోని రక్తపాతాన్ని చూచి నిందిస్తారు. ఇది అన్యాయం. రక్తం భారతంలో ఇంతకంటె ఎక్కువే పారింది. దానిమీద మోపవలసిన అభియోగం వేరొకటి వున్నది: అది స్నేహాన్ని గురించి అబద్ధం చెబుతున్నది. పదిమందిని ఒక ద్వీపం మీదనో, ఊరికి దూరమైన భవంతిలోనో బంధించి, మిత్రులు ఒకరినొకరు ఎట్లా కబళిస్తారో చూడండి అంటుంది. ఏకాంతమే మైత్రిని విషంగా మారుస్తుందన్న సిద్ధాంతాన్ని పాఠకుడు కథతోపాటు మింగుతాడు.

ఆ సిద్ధాంతం ఎంత బోలుదో తెలియటానికి, ఇటువంటి నవలలు చేతబట్టుకొని ప్రయాణికులు బండి మారే ఖరగ్‌పూర్ చాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే పెంచిన ఆ పట్టణం చేరువలో, హిజ్లీ వద్ద, 1930లో బ్రిటిషు ప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరం తెరిచింది. విచారణ లేకుండా పట్టి తెచ్చిన యువకులు, చుట్టూ కావలి, రేయింబవళ్ళు అవే ముఖాలు: నవలాకారుడు కోరుకొనే రంగమంతా అక్కడ సిద్ధంగా వున్నది. 1931 సెప్టెంబరు 16న హత్య కూడ జరిగింది. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనే నిరాయుధులు ఇద్దరు తుపాకి గుండ్లకు కూలిపోయారు. కాల్చినవారు సహవాసులు కారు, కావలి పోలీసులు. మృతదేహాల కోసం సుభాష్ చంద్ర బోసు అక్కడికి వెళ్ళాడు. కలకత్తా నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాకూరు ప్రసంగించాడు. ఆ దినపు చరిత్రలో మిత్రుడు మిత్రునిపై చేయి యెత్తిన మాట లేదు.

అదే పట్టణంలో మరొక విధమైన ద్వీపం వున్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి రైల్వే పనులకు వలసవచ్చిన తెలుగువారు పరభాషల నడుమ ఇళ్ళు కట్టుకొన్నారు. అటువంటిచోట స్నేహం విలాసం కాదు, బతుకుకు ఆధారం. చెడిన స్నేహం అక్కడా వుంటుంది, ఎక్కడైనా వుంటుంది. కాని అది కత్తి పట్టదు. అప్పు పత్రం మీద హామీ సంతకం అడుగుతుంది. ప్రమోషన్ వచ్చినవాణ్ణి పదిమందిలో నవ్వుతూ చులకన చేస్తుంది. నేను తప్ప నీకెవరున్నారని అదను చూచి గుర్తుచేస్తుంది.

మన సాహిత్యం ఈ రోగాన్ని ఎరగనిది కాదు. కర్ణునికి దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చినది మూసిన గదిలో కాదు, కురువీరులూ పురజనులూ క్రిక్కిరిసిన రంగస్థలంలో. ఆ ఋణం కర్ణుణ్ణి కడదాకా వదలలేదు. జన్మరహస్యాన్ని శ్రీకృష్ణుడే విప్పిచెప్పినా అతడు కదలలేదు. వ్యాసుడు ఇందులో పాఠకుని నుండి దాచినది ఏమీ లేదు. దాచకుండానే భయపెట్టాడు.

అగాథా క్రిస్టీ 1939లో వెలువరించిన ద్వీపపు నవల, ఈనాడు ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అన్న పేరుతో చెలామణి అవుతున్నది, ఆమెను అనుకరించినవారి రచనలకంటె నిజాయితీ గలది. (ముగింపు బయటపడుతుందని అలిగే పాఠకుడు ఈ పేరా దాటవేయవచ్చు.) అందులో పలువురికి గాలం వేసినవి స్నేహితుల పేర, పాత పరిచయాల పేర వచ్చిన ఉత్తరాలే. జనరల్ మెకార్థర్ తన భార్యను ప్రేమించిన యువసైనికాధికారిని, తాను అభిమానించినవాణ్ణే, మొదటి ప్రపంచయుద్ధంలో తెలిసి తెలిసి చావుకు పంపాడు. తోటివారు తనను తప్పించుకు తిరుగుతున్నారన్న శంక అప్పటినుంచీ అతన్ని తింటున్నది. అందుకే పాతకాలపు కబుర్లు చెప్పుకొందామన్న పిలుపు రాగానే సంతోషించాడు. అతని ఒంటరితనానికి ద్వీపం కారణం కాదు, దాన్ని తనతో పడవలో తెచ్చుకొన్నాడు. డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ న్యాయమూర్తిని నమ్మి చెడ్డాడు. బెంగాలీలో శరదిందు బంద్యోపాధ్యాయ ‘చిడియాఖానా’ కూడ ఈ కోవలోనిదే: నిశానాథ సేన్ అనే మాజీ న్యాయమూర్తి సమాజం వెలివేసినవారికి తన గులాబీ తోటలో ఆశ్రయమిస్తాడు. ఆశ్రయం పొందిన వైద్యుడే అతన్ని చంపుతాడు. దాత, గ్రహీతల నడుమ స్నేహం ఎంత దుర్భరమో ఆ తోటలో ప్రతి మనిషీ చెప్పగలడు. సత్యజిత్ రాయ్ 1967లో దీన్ని చలనచిత్రంగా తీశాడు.

అనుకరించినవారికి ద్వీపం దొరికింది, ఉత్తరం దొరకలేదు. వారి చేతిలో స్నేహం ఒక ముసుగు మాత్రమే. చివరి పుటలో డిటెక్టివు లాగేస్తాడు, పాఠకుడు ఆశ్చర్యపోతాడు. జీవితంలో ఆ ఆశ్చర్యం ఎక్కడిది? చెడ్డ మిత్రుని సంగతి బాధితునికి పదేళ్ళుగా తెలుసు. తెలిసీ, పిలిస్తే వెళతాడు. ఎవరు చంపారన్నది చిన్న ప్రశ్న, ఎందుకు వెళ్ళాడన్నదే అసలు మర్మం. మెకార్థర్ పడవ ఎక్కకముందు గడిచిన ఇరవైయేళ్ళకు క్రిస్టీ కొద్ది పుటలే కేటాయించింది. ఆమె వెంట నడిచినవారు ఆ కొద్ది కూడ రాయక, తిన్నగా తలుపులు మూసేశారు.