ఇంటినుండి శాలిహుండ యాత్ర

ఆమదాలవలస విద్యార్థులమైన మనలో శాలిహుండం కొండ నెక్కినవారెందరు? 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోనికి తెచ్చిన ఆ బౌద్ధక్షేత్రమును మెట్లెక్కలేని వృద్ధులకు చూపుటెట్లు?

కెమెరాను స్టాండుపై నిలిపి చుట్టును త్రిప్పుచు, ప్రతి చిత్రమును మునుపటిదానిలో మూడవ వంతు కలియునట్లు తీసి, కంప్యూటరులో అతికినచో 360 డిగ్రీల దృశ్యమగును. త్రిప్పునపుడు కటకము చోటు తప్పెనా, ఇటుక వరుసలు విరిగి కనబడును! ఇట్టి దృశ్యములను ముడివేసినచో చూపరి తన యిచ్ఛ వచ్చిన వైపు సాగును.

అయినను దృశ్యము మూగది. స్తూపమేదో, చైత్యమేదో తెలుగున, ఉర్దూన చెప్పనిచో మిగులునది ఇటుకల కుప్పయే. షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదునకును ఇట్టి యాత్ర కూర్పవలెను. నమాజు వేళ మాత్రము కెమెరా సంచిలోనే ఉండవలెను. కమిటీవారు ఒక కెమెరాను, స్టాండును ఇప్పించినచో తక్కిన శ్రమ మేము వహింతుము.