విమానచోదక విద్యయు విశ్వవిద్యాలయ పట్టమును

ఈ శీర్షిక క్రింద ఇంతవరకు వైద్యమును, ఉపాధ్యాయ వృత్తిని, నౌకా యంత్రశాస్త్రమును గూర్చి వ్రాసియుంటిమి. విమానము నడపు వృత్తిని గూర్చి కూడ వ్రాయుడని దేవాలయమునకు వచ్చు తలిదండ్రులు కొందరు కోరుచున్నారు. కోరుట సహజమే. చుట్టును సముద్రము గల మన మారిషస్ దీవిలో పెండ్లికైనను, చదువునకైనను, తీర్థయాత్రకైనను ప్లెజాన్స్ విమానాశ్రయము దాటక గత్యంతరము లేదు. కోరంగి రేవునుండి వారముల తరబడి ఓడలో ప్రయాణించి చెరకుతోటలకు వచ్చినవారి మునిమనుమలు నేడు తలయెత్తి విమానమును చూచి, దీనిని నేనే నడపుదునని యనుచున్నారు.

ఉదాహరణమునకు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ అను ఊరిని గ్రహించితిమి. అది మిచిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ మహానగరమునకు వాయవ్య దిశను ఓక్లండ్ కౌంటీలో నున్నది. 1973లో ప్రత్యేక నగరముగా నేర్పడినది. 2020 జనగణనమున దాని జనసంఖ్య సుమారు 84 వేలు. మోటారుకార్ల కంపెనీలలోను, కంప్యూటరు ఉద్యోగములలోను పనిచేయు తెలుగు కుటుంబములు అచ్చటను, పొరుగూరగు నోవైలోను అనేకము గలవు. నోవైలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము వెలసినది. పైలట్ విద్యకు పట్టమిచ్చు విశ్వవిద్యాలయములు రెండు ఆ యూరికి కారు ప్రయాణపు దూరములోనే యున్నవి. ఆ విద్యలోని సుఖదుఃఖములు రెండును అచ్చటి మనవారి యిండ్లలో స్పష్టముగా కనబడును గనుకనే ఆ యూరిని ఎన్నుకొంటిమి.

మొదటిది ఈస్టర్న్ మిచిగన్ విశ్వవిద్యాలయము. ఇప్సిలాంటి పట్టణమున నున్నది. దాని సమీపముననే విల్లో రన్ విమానాశ్రయము గలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఫోర్డు కంపెనీ అచ్చట బి-24 బాంబరు విమానములను ఎనిమిది వేలకు పైగా నిర్మించినది. 1944 నాటికి గంటకొక విమానము చొప్పున బయటికి వచ్చెడిదట! రెండవది వెస్టర్న్ మిచిగన్ విశ్వవిద్యాలయము. దాని ప్రధాన స్థానము కలమజూ అయినను, విమానయాన కళాశాల మాత్రము బాటిల్ క్రీక్ విమానాశ్రయమున నున్నది. ఫార్మింగ్టన్ హిల్స్‌నుండి అది పడమరగా సుమారు 100 మైళ్ల దూరము.

ఈ విద్యలో తరగతి గదిలో గడపిన గంటకంటె ఆకాశమున గడపిన గంటకే విలువ యెక్కువ. ప్రతి గంటయు లాగుబుక్కున వ్రాయబడును. ఆ పుస్తకమే వాని జాతకము. పదునారవ యేట విద్యార్థి ఒంటరిగా ఎగురవచ్చును. పదునేడవ యేట ప్రైవేటు లైసెన్సు పొందవచ్చును. అందులకు చట్టము కోరునది 40 గంటలు. ప్రభుత్వామోదిత పాఠ్యప్రణాళిక గల విద్యాసంస్థలో 35 గంటలు. ఆచరణలో ఇంతకు మించియే పట్టును. తరువాతిది ఇన్‌స్ట్రుమెంటు శిక్షణ. మబ్బులలో కిటికీ వెలుపల ఏమియు కానరానపుడు ముల్లులను, అంకెలను మాత్రమే నమ్మి విమానమును నడపుట నేర్చుకొనవలెను. విద్యార్థుల శరీరము అబద్ధము చెప్పుననియు, గడియారపు ముల్లు నిజము చెప్పుననియు తెలిసికొనుటయే ఈ దశయందలి చదువు. అటుపిమ్మట జీతమునకు విమానము నడపుట కర్హత నిచ్చు కమర్షియల్ లైసెన్సు. పదునెనిమిదేండ్ల వయస్సు, 250 గంటల అనుభవము కావలెను. ఆమోదిత ప్రణాళికలో 190 గంటలు చాలును.

ఇచ్చట ద్వీపవాసులమగు మనకు వినోదము గొలుపు విషయమొకటి గలదు. కమర్షియల్ లైసెన్సునకు చేయవలసిన దూరప్రయాణములలో బయలుదేరిన చోటికి తిన్నగా 250 నాటికల్ మైళ్ల దూరమున నొక తావునందు దిగవలెనని నియమము. హవాయి దీవులలో శిక్షణ పొందువారికి మాత్రము 150 మైళ్లు చాలునని చట్టమే సడలింపు నిచ్చినది! దీవులలో నేల చాలదని శాసనకర్తలకు తోచినది కాబోలు. మన దీవి ఉత్తరమునుండి దక్షిణమునకు 65 కిలోమీటర్లు. ఆ 250 మైళ్లు పోవలెనన్న రియూనియన్ దాటి యింకను సముద్రము మీదనే యుందుము.

మిచిగన్‌లో నేలకు కొరత లేదు, ఆకాశమునకే కొరత. చలికాలమున పెద్ద సరస్సుల మీదుగా వచ్చు గాలి తేమను మోసికొని వచ్చి దట్టమైన మేఘములను, మంచును కురిపించును. శిక్షణకు వాడు చిన్న విమానముల రెక్కలమీద మంచు పేరుకొనుట ప్రాణాపాయము. కావున నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు విద్యార్థులు విమానములకంటె వాతావరణ పటములనే ఎక్కువగా చూచుచుందురు. ఒక అర్ధసంవత్సరమున ముగియవలసిన శిక్షణ రెండింటికి సాగుటయు గలదు. అయినను అట్టి ఆకాశమున నేర్చినవాడు గట్టివాడగునని మా యభిప్రాయము.

ఇక అసలు ప్రశ్న. లైసెన్సునకు కళాశాల పట్టము అవసరము లేదు. ఊరి విమానాశ్రయమున నొక శిక్షకుని వద్ద నేర్చుకొన్నను అదే లైసెన్సు వచ్చును. మరి నాలుగేండ్లు చదివి, అంత ధనము వెచ్చించి పట్టము పొందుట యెందులకు?

2009 ఫిబ్రవరి 12న న్యూయార్కు రాష్ట్రమున బఫెలో నగర సమీపమున కోల్గన్ ఎయిర్ సంస్థవారి విమానము కూలి, అందులోని 49 మందియు, నేలమీద నొకరును మరణించిరి. విమానము వేగము కోల్పోయి పట్టుతప్పుచుండగా చోదకుడు ముక్కును దించుటకు బదులు పైకి లాగెను. మృతుల కుటుంబములవారు పట్టుబట్టి పోరాడుటచే 2010లో నొక చట్టము వచ్చెను. దాని ననుసరించి 2013 నుండి ప్రయాణికుల విమాన సంస్థలలో సహచోదకునికి కూడ ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు సర్టిఫికెట్టు, అనగా సాధారణముగా 1500 గంటల అనుభవము, 23 ఏండ్ల వయస్సు కావలసివచ్చెను. అంతకుముందు 250 గంటలవాడును చేరవచ్చియుండెను. ఆ ప్రమాదమున మరణించిన చోదకులిద్దరికిని 1500 గంటలకు మించిన అనుభవమే యుండెను గనుక, గంటల లెక్కయే రక్షకమా యను వాదము నేటికిని చల్లారలేదు. వాదమెట్లున్నను చట్టము చట్టమే.

విశ్వవిద్యాలయ పట్టము విలువ ఈ చట్టములోని మినహాయింపులో నున్నది. ఆమోదిత విశ్వవిద్యాలయమున విమానయాన విషయములు 60 క్రెడిట్లు చదివి బి.ఎస్. పట్టము పొందినవానికి 1500కు బదులు 1000 గంటలు చాలును. వయస్సు 21 ఏండ్లు చాలును. రెండేండ్ల పట్టమునకు 1250 గంటలు. అనగా నాలుగేండ్ల పట్టము 500 గంటలను మిగుల్చును. తోటివారికంటె ముందు ఉద్యోగమున చేరినవానికి జీవితాంతము సీనియారిటీ లాభము గలదు. విమాన సంస్థలలో కెప్టెన్ పదవియు, సెలవులును, ఎక్కవలసిన విమానమును సీనియారిటీయే నిర్ణయించును.

ఇందొక మడతపేచీ గలదు. ఇన్‌స్ట్రుమెంటు శిక్షణయు, కమర్షియల్ లైసెన్సును ఆ విశ్వవిద్యాలయపు ప్రణాళికలోనే పొందియుండవలెను. ఆత్రపడి వేసవి సెలవులలో వెలుపల వాటిని ముగించినచో పట్టము వచ్చినను మినహాయింపు రాదు. ప్రైవేటు లైసెన్సు మాత్రము వెలుపల పొందినను బాధ లేదు. ఇంగ్లీషు, గణితము, భౌతికశాస్త్రము వంటి సామాన్య పాఠములను ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే యున్న ఓక్లండ్ కమ్యూనిటీ కళాశాలలో తక్కువ రుసుముతో చదివి పిమ్మట విశ్వవిద్యాలయమునకు మారుట గృహస్థునకు లాభదాయకము. ఏలయనగా ఎగురు గంటల రుసుము బోధన రుసుముగాక వేరు. అది పదుల వేల డాలర్లు.

పట్టము చేతికి వచ్చునాటికి విద్యార్థికి ఉండునవి సుమారు 250 గంటలు. కావలసినవి 1000. నడుమనున్న 750 గంటలు ఎట్లు సంపాదించును? ధనమిచ్చి విమానము అద్దెకు తీసికొన్నచో కుటుంబము ఆరిపోవును. అందరు చేయు పని యొక్కటే: తానే శిక్షకుడై జీతము పుచ్చుకొని క్రొత్తవారికి నేర్పుచు గంటలు కూర్చుకొనుట. ఏడాది, ఏడాదిన్నర పట్టును. అది ఉద్యోగము. ఉద్యోగమునకు పని చేయు అనుమతి కావలెను. విద్యాలయములవారి అందమైన పుస్తకములలో ఈ మాట చిన్న అక్షరములలో నుండును.

ఫార్మింగ్టన్ హిల్స్ వంటి ఊరిలో ఒకే యింట అన్నాచెల్లెండ్రు ఉన్నారనుకొందము. అన్న హైదరాబాదులో పుట్టి మూడవ యేట తలిదండ్రులతో వచ్చినవాడు. చెల్లెలు మిచిగన్‌లో పుట్టి, పుట్టుకచేతనే పౌరురాలైనది. ఇద్దరును ఒకే బడిలో చదివిరి. ఒకే యాసతో ఇంగ్లీషు మాట్లాడుదురు. అన్నకు హైదరాబాదు జ్ఞాపకమైనను లేదు. ఇద్దరును ఒకే విమానమున, ఒకే గురువు వద్ద నేర్చి అదే లైసెన్సు పొందవచ్చును. కాని తండ్రి హెచ్-1బి వీసాపై నున్నచో కుమారునిది హెచ్-4. దానిపై చదువవచ్చును, ఎగురవచ్చును, జీతము పుచ్చుకొనరాదు. శిక్షణ విషయమునను భేదమే: 2001 సెప్టెంబరు దాడుల పిమ్మట పౌరులు కానివారు వ్రేలిముద్రలిచ్చి భద్రతాశాఖ అనుమతి పొందవలెను. ఇరువదియొకటవ జన్మదినమున వాడు తండ్రి వీసా నీడనుండి వెలుపలికి వచ్చును. గ్రీన్ కార్డు వచ్చియుండదా యని మనవారు అడుగవచ్చును. భారతదేశమున పుట్టినవారికి ఉద్యోగమూలముగా వచ్చు గ్రీన్ కార్డునకు వరుస పది సంవత్సరములకు పైబడియున్నది.

విద్యార్థి వీసాకు మారి పట్టము పుచ్చుకొన్నచో సాధారణముగా 12 మాసములు పనిచేయ అనుమతింతురు. ఆ 12 మాసములలో, మంచు కరుణించినచో, 750 గంటలు కష్టముమీద కూడవచ్చును. కూడునప్పటికి అనుమతి తీరును. విమాన సంస్థలేమో శాశ్వతముగా పనిచేయు హక్కు గలవారినే కోరును. చెల్లెలు సహచోదకుని ఆసనమున కూర్చుండునాడు అన్న అదే లాగుబుక్కుతో తలుపు వెలుపల నిలుచును. ఇది వాని ప్రతిభాలోపము కాదు. తలిదండ్రులు ఈ లెక్కను పదునేడవ యేట వేయక ఇరువదిరెండవ యేట వేయుటయే పెక్కు ఇండ్లలోని దుఃఖము.

అట్టి కుమారునకు మార్గము లేకపోలేదు. భారతదేశమున కమర్షియల్ లైసెన్సునకు 200 గంటలు చాలును. అచ్చటి విమాన సంస్థలు 1500 గంటల నియమము పెట్టలేదు. వాడు భారత పౌరుడే గనుక అమెరికా లైసెన్సు పొందినంతనే భారత విమానయాన శాఖ పరీక్షలు వ్రాసి దానిని మార్చుకొనవచ్చును. హైదరాబాదులోనే చదువదలచినచో 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను, పాత బేగంపేట విమానాశ్రయమున శిక్షణ విమానములు ఎగురుచునే యున్నవి. తల్లికి మాత్రము ఈ మార్గము కష్టముగా తోచును, ఏలయనగా మూడవ యేట ఎత్తుకొని తెచ్చిన పిల్లవానిని ఇరువదియొకటవ యేట తిరిగి పంపవలసివచ్చును.

శరీర పరీక్షను గూర్చి రెండు మాటలు. ఎగురు రుసుము మొదటి డాలరు కట్టకముందే ప్రథమశ్రేణి వైద్య సర్టిఫికెట్టు పొందవలెను. కండ్లద్దములున్నవని నిరాశ వలదు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష చూపు చాలనందున సైన్యమున చోదకురాలు కాజాలక, ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున విమానశాస్త్రము చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు చూచి వచ్చినది. పౌర విమానములకు నియమము మృదువు. అద్దములతో చూపు సరియైనచో చాలును. కాని రంగులు గుర్తింపలేకపోవుట, మూర్ఛ, చంచలత్వమునకు బాల్యమున వాడిన మందులు మున్నగునవి దాచరాదు. దాచినది తరువాత బయటపడినచో లైసెన్సే పోవును.

మన దీవి పిల్లల సంగతి ఆ అన్న సంగతివంటిదే. హెచ్.ఎస్.సి. ముగించి విద్యార్థి వీసాపై మిచిగన్ పోయినచో 500 గంటల మినహాయింపు కాగితముపై నుండును గాని మనకు దానితో పని తక్కువ. అది అమెరికా విమాన సంస్థల ద్వారము వద్ద మాత్రమే చెల్లు నాణెము. 1944 నాటి చికాగో ఒడంబడిక ప్రకారము ఏ దేశమున నమోదైన విమానమును నడపుటకు ఆ దేశపు లైసెన్సో, ఆ దేశము అంగీకరించిన లైసెన్సో కావలెను. కావున మొదటి జాబు విశ్వవిద్యాలయమునకు కాక మన పౌర విమానయాన శాఖకు వ్రాయవలెను: అమెరికా లైసెన్సును మార్చుకొనుటకు ఏ పరీక్షలు, ఎన్ని గంటలు కావలెను? రెండవ జాబు విమాన సంస్థకు: రాబోవు సంవత్సరములలో సహచోదకులను తీసికొందురా, కనీస అనుభవమెంత? ఉద్యోగములు సముద్రపు ఆటుపోట్లవంటివి. 2020లో మహమ్మారివలన విమానములు నేలపట్టినవి. 2022లో అమెరికాలో చోదకులు దొరకక సంస్థలు పోటీపడినవి. 2024లో మరల నెమ్మదించినవి. నాలుగేండ్ల చదువు ముగియునాటికి గాలి ఎటు వీచునో ఎవ్వరును చెప్పజాలరు. అందుచేత ఎగురుటతోపాటు విమాన నిర్వహణమో, మరమ్మతు శాస్త్రమో రెండవ విషయముగా చదువుమని మా సలహా. వైద్య సర్టిఫికెట్టు పోయినను ఆ చదువు పోదు.

ఈ రెండు జాబులకు సమాధానములు చేతికి వచ్చిన పిమ్మట మూడవ జాబు విశ్వవిద్యాలయమునకు వ్రాయవచ్చును. ఎగురు గంటకు రుసుమెంత, చలికాలమున శిక్షణ ఎన్నాళ్లు ఆగును, పట్టము పొందిన విదేశీ విద్యార్థులలో ఎందరికి శిక్షకులుగా పని దొరకినది అని సూటిగా అడుగుడు.