మన కాలపు వీరుడెవ్వడు?

‘హీరో’ అను మాట మన ఇండ్లలో ఇప్పుడొక్క అర్థముననే చెల్లుచున్నది. తెరమీద పదిమందిని ఒంటిచేతితో కూలద్రోయువాడు హీరో. బరంపురములో తెలుగు చిత్రము విడుదలయిన ఉదయమున నిలువెత్తు ఫ్లెక్సీలకు పూలదండలు వేయు కుఱ్ఱవాండ్లను మనము మందలింతుము. మందలించి, సాయంకాలము సభకు పోయి, పెద్ద విరాళమిచ్చిన పెద్దమనిషికి శాలువ కప్పి, అతని పేరునకు ముందు రెండు బిరుదములు తగిలించి, ఛాయాచిత్రము తీయించుకొని ఇంటికి వచ్చుచున్నాము. కుఱ్ఱవాండ్లు చేసినదానికిని మనము చేసినదానికిని భేదమేమి? వారు టిక్కెట్టు కొని చేసిరి; మనము రసీదు వ్రాసి చేసితిమి.

మన ఆలంకారికులు ఈ విషయమున మనకంటె తెలివి గలవారు. సాహిత్యదర్పణము రచించిన విశ్వనాథ కవిరాజు పదునాలుగవ శతాబ్దిలో ఈ కళింగభూమిని వెలసినవాడే. మనకు పరాయివాడు కాడు. వీరుడు నాలుగు విధములని ఆయన చెప్పెను: దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు. కత్తి పట్టువాడు ఆ నలుగురిలో ఒక్కడు మాత్రమే. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. వీరరసమునకు స్థాయీభావము ఉత్సాహము, క్రోధము కాదు. క్రోధము రౌద్రమునకు స్థాయి. కనుబొమలు ముడిచి, తొడగొట్టి, కేకలు వేసి నేడు తెరను ఏలుచున్నవాడు శాస్త్రప్రకారము రౌద్రరసమునకు చెందినవాడు. వీరుడు కానే కాడు. ఉత్సాహమనగా గంతులు వేయుట యని మనవారు అనుకొనుచున్నారు. పట్టిన పని కడముట్టువఱకు చల్లారని పూనికకు ఆ పేరు. పావుగంట పోరాటమునకు క్రోధము చాలును. నలువది యేండ్ల పనికి చాలదు.

బొబ్బిలి కథ వినని తెలుగు కుటుంబము ఈ ప్రాంతమున అరుదు. 1757 నాటి ఆ యుద్ధమును, తాండ్ర పాపారాయుని తలచుకొన్నప్పుడు నాకును ఒడలు పులకరించును. ఆ వీరులను తక్కువ చేయుట నా అభిమతము కాదు. కాని కోట కూలిన దినమున వీరుడగుట ఒక విధము. ఏ కోటయు కూలని కాలమున, సోమవారము పదిగంటలకు కచేరికో బడికో దుకాణమునకో పోవలసిన మనవంటివారిని ఆ కొలబద్దతో కొలుచుట కుదరదు. మనకు తగిన కొలబద్దకై దూరము పోనక్కఱలేదు. పర్లాకిమిడి వఱకు పోయిన చాలును.

గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే చదువరులు తలయూచుదురు. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవము, వ్యావహారిక భాషోద్యమము! నిజమే. ఆయన 1863 లో ఆ తేదినే వంశధార తీరమున పర్వతాలపేటలో పుట్టిరి. గ్రాంథికవాదులతో ఏండ్ల తరబడి వాదించిరి. (ఆయనను గ్రాంథికమున పొగడుట మన సంచికలకు పరిపాటి. ఈ వ్యాసమును ఆ బాటనే నడచుచున్నది. ఆ తగవు ఇచ్చట వలదు.) నేను చెప్పబోవునది ఆ గిడుగును గూర్చి కాదు. 1880 లో, పదునేడేండ్లయినను నిండీ నిండని వయస్సున, ముప్పది రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరిన ఉపాధ్యాయుని గూర్చి.

ఆ ఊరిచుట్టు కొండలు, కొండలలో సవరలు. సంతకు దిగివచ్చిన సవరలతో బేరమాడువారు ఊరిలో అనేకులు. వారి మాట నేర్చుకొన్నవారు అరుదు. తన మాట ఎదుటివానికి తెలియనివాడు తూనికలో మోసపోవును, కచేరిలో నోరులేనివాడగును. రామమూర్తిగారు ఆ మాట నేర్వదలచిరి. నేర్వుమని ఎవ్వరును అడుగలేదు. పై అధికారి ఆజ్ఞ లేదు, పరీక్ష లేదు, జీతము పెరుగునను ఆశ లేదు. తెలుగును సవరయు వచ్చిన ఒక వ్యక్తిని ఇంట నుంచుకొని పని మొదలుపెట్టిరి. ఆ దుబాసీ లేనిదే ఆ పని లేదు. మన ఉపన్యాసములలో మాత్రము ఆయనకు ఇంతవఱకు చోటు దొరకలేదు.

సవర భాష తెలుగువలె ద్రావిడము కాదు, ఒడియావలె ఆర్యమును కాదు, ముండా కుటుంబములోనిది. ఒకటి వచ్చినచో రెండవది సులభముగా వచ్చునను ధైర్యమునకు తావు లేదు. నేర్చుకొనుటకు నాడు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. వినుట, వ్రాసికొనుట, మరల అడుగుట, తప్పు దిద్దుకొనుట, మరునాడు మరల వినుట. ఇంతే పని. కొండలలో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకొనిరి. దానికై మ్రింగిన క్వినైను వలన వినికిడి దెబ్బతినెను. ఆ చెవుడు జీవితాంతము వదలలేదు. చెవితో పట్టవలసిన భాషకై చెవినే పోగొట్టుకొన్న మనిషి! ఏ చిత్రకథారచయితయు ఇంతకంటె గొప్ప యుద్ధఘట్టమును కల్పింపలేడు. ఇందులో నేపథ్యసంగీతము లేదు గనుక మన కంటికి ఆనలేదు.

అప్పుడైనను ఆపవచ్చును, తప్పుపట్టువారు లేరు. ఆయన ఆపలేదు. సవరపిల్లలకు వాచకములు వ్రాసిరి. కథలు, పాటలు సేకరించిరి. తన సొమ్ముతో బడులు పెట్టించి ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. 1911 లో ఉద్యోగము విరమించిరి గాని పని విరమింపలేదు. ఇంగ్లీషున వ్రాసిన సవరభాషా వ్యాకరణము 1931 లో వెలువడెను. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938 లో. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు. మఱి రెండేండ్లకు, 1940 జనవరి 22 న, కన్నుమూసిరి. రావు బహదూరు బిరుదమును, కైజరు-ఇ-హిందు పతకమును నడుమ వచ్చినవి. మన సంచికలలో ఆయన బొమ్మ క్రింద అచ్చగునవి ఆ రెండే. మానివేసినను మందలించువారు లేని పనిని, తనవారు కానివారి కొఱకు, తన ఖర్చున, ఏండ్ల తరబడి సాగించువానినే నేను వీరుడందును. ఈ కొలతకు పతకములతో పని లేదు.

మన సభలలో ఆయనను గూర్చి తప్పక చెప్పు కథ మరొకటి కలదు. 1936 ఏప్రిల్ 1 న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందు చేరినప్పుడు, దానిని ఎదిరించిన పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము పోయిరని. ఇది చెప్పునప్పుడు వక్త కంఠము గద్గదమగును, చప్పట్లు మ్రోగును. ఆ వృద్ధుని బాధను నేను తేలికగా చూడను. అయినను ఆ వెళ్లిపోవుటయే ఆయన వీరత్వమని పిల్లలకు చెప్పుట తగదు. ఊరు విడుచుట ఒక్క దినపు పని. అంతకు ముందు ఏబదియారేండ్లు ఆ ఊర చేసినది వేఱు. పైగా, నిలిచిపోయినవారి బిడ్డలమైన మనము వెళ్లిపోయిన కథకు చప్పట్లు కొట్టుట నాకు వింతగా తోచును. మన తాతలు ఇచ్చటనే ఉండిరి. బరంపురమున పట్టు నేసిరి, ఒడియా నేర్చిరి, పొరుగువారితో వియ్యము కాకున్నను నెయ్యము నెఱపిరి. ఠాకురాణీ యాత్రలో బుఢీ ఠాకురాణి అమ్మవారు నేతవారి కులపెద్దయగు దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వచ్చుచున్నది; ఊరంతయు, ఒడియావారు తెలుగువారు అను భేదము లేక, ఆమె వెంట నడచుచున్నది. పరాయి ఊరిని పుట్టిల్లు చేసికొన్నవారిని గూర్చి ఒక్క ఉపన్యాసమైనను మన సభలలో ఏల లేదు?

ఇప్పుడు అసలు మాట. తెలుగు బడులకు ఉపాధ్యాయులు కావలెనని, వాచకములు సకాలమున రావలెనని మనము తీర్మానములు చేయుచుందుము. న్యాయమైన కోరికలే. అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమికవిద్యకు సౌకర్యము కల్పింపవలెనని 1956 లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కాని పెద్దభాష మన భాషను చిన్నచూపు చూచుచున్నదని వాపోవు మనము, మనకంటె చిన్నదైన భాషను ఏ చూపు చూచుచున్నాము? పర్లాకిమిడి ఇప్పుడు గజపతి జిల్లాలోనిది; 1992 వఱకు మన గంజాం జిల్లాయే. ఆ కొండలలో నేటికిని సవర మాటలాడుచున్నారు. మన సభ్యులలో ఒక సవరను అతని భాషలో కుశలమడుగగలవారు ఎందఱు? ‘కొండవాడు’ అను మాటను తిట్టుగా వాడు ఇండ్లు మనలో లేకపోలేదు. ఆ ఇండ్ల గోడలమీదను గిడుగువారి పటము వ్రేలాడుచునే యున్నది.

‘మా పిల్లలకు తెలుగే వచ్చుట లేదు, ఇంక సవర యెక్కడ?’ అని అడుగువారున్నారు. బాధతో అను మాట గనుక వినదగినదే. కాని కాలక్రమము చూడుడు. సవర పని ముందు మొదలయినది; వ్యావహారికోద్యమము తరువాత వచ్చినది. పుస్తకమే లేని భాషను మనుష్యుల నోటినుండి నేర్చినవానికి, మాటలాడునదియే భాష యను సంగతి ఎవ్వరును బోధింపనక్కఱలేదు. ఆ చెవియే తెలుగునకు పనికివచ్చినదని నా నమ్మకము. పరుల భాషకు వెచ్చించిన కాలమువలన ఆయన తెలుగునకు కలిగిన నష్టమేమో చెప్పగలవారు చెప్పవచ్చును.

వరాహగిరి వేంకటగిరిగారి విషయమున మన తీరు కొంచెము మెరుగు, అంతే. 1894 లో మన బరంపురమున పుట్టిరి, 1969 లో రాష్ట్రపతి యయిరి. పిల్లలకు తెలిసినవి ఈ రెండు సంవత్సరములే. నడుమ 1954 ఒకటి కలదు. కేంద్రమున కార్మికశాఖ మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు ఆయన పదవి విడిచిరి. మనలో బ్యాంకు జీతముతో ఇండ్లు కట్టుకొన్నవారు కొద్దిమంది కారు. ఏ గృహప్రవేశమునను ఈ సంగతి తలచుకొనగా నేను వినలేదు.

ఇవన్నియు పెద్దవారి మాటలు, సామాన్యులకేమి సంబంధమందురా? గోపాలపురమునకు రండు. అచ్చట వలలాగు జాలరులు, ఒడియావారు నోలియాలని పిలుచువారు, మన తెలుగే మాటలాడుదురు. పూరీ తీరమున కోసుగానున్న తెల్లటోపీ పెట్టుకొని, స్నానమునకు వచ్చిన పరదేశి చేయి పట్టుకొని అలలలో నిలుచువారును ఆ జాతివారే. ఆ చేయి విడిచిననాడు ఊరంతయు వారి పేరడుగును. పట్టుకొన్ననాడు ఎవ్వరును అడుగరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటెను. 1999 అక్టోబరు 29 నాటి మహాతుపానులో దాదాపు పదివేలమందిని పోగొట్టుకొన్న రాష్ట్రమున ఈసారి మృతుల సంఖ్య పదులలో ఆగెను. తుపానునకు ముందే దాదాపు పదిలక్షలమందిని తరలించుట అందుకు ముఖ్యకారణము. పదిలక్షలమంది ప్రకటన విని తమంతట తాము కదలరు. పడవను, వలను, గొడ్డును విడిచి రానని భీష్మించుకొను ముసలివానిని బ్రతిమాలి, కసరి, రెక్క పట్టి తీసికొనిపోవలయును. అట్లు తలుపు తలుపు తట్టినవారిలో ఒక్కని పేరైనను మన సంచికలో ఏనాడైన అచ్చువేసితిమా? ‘తెలుగు కుటుంబములు’ అని వ్రాసికొనునప్పుడు మనము తలచునది వకీళ్లను, ఉద్యోగులను, వర్తకులను. అరగంట ప్రయాణపు దూరముననున్న పల్లెకారుని ఇల్లు ఆ లెక్కలో ఉన్నదో లేదో సభ్యుల పట్టిక చూచుకొన్న తెలియును.

ఇంట పిల్లలకు ఓనమాలు దిద్దించు తల్లులను కూడ వీరుల పట్టికలో చేర్పుమని ఒక మిత్రుడు కోరెను. ఒడియా బడికో ఇంగ్లీషు బడికో పోయివచ్చి అలసిన పిల్లవానిని రాత్రి మరల పలక ముందు కూర్చుండబెట్టుట సామాన్యమైన పని కాదు. తెలుగు అక్షరము ఈ ఊర మిగిలియున్న దనిన అది వారి చలువయే. అయినను నేను వెంటనే ఒప్పుకొనజాలను. తన బిడ్డకు నేర్పునది తల్లి. ఆ గౌరవము ఆమెకు చాలును. వంటయింటిలో పాత్రలు తోము మనిషి కూతురిని, వీధి చివరి నేతకాని కొడుకును పిలిచి, ఆ చాపమీదనే తన బిడ్డ ప్రక్కను కూర్చుండబెట్టుకొన్న యామెను మాత్రము ఎంత పొగడినను అధికము కాదు. అట్టివారు ఈ ఊర లేకపోలేదు. వారు సభకు రారు. ఆ వేళకు పాఠము చెప్పుచుందురు.

ఈ సంచిక వెలువడు సభలో సన్మానములుండును, ఉండనిండు. కార్యవర్గమునకు నాదొక సూచన. శాలువల పద్దునుండి కొంత తీసి, వచ్చు ఆగస్టు 29 న పర్లాకిమిడి కొండలనుండి ఒక సవర ఉపాధ్యాయుని, గోపాలపురమునుండి ఒక జాలరిని పిలిపింపుడు. వారిని గూర్చి మనము ఉపన్యసింపవలదు, వారిని మాటలాడనిండు. ఉపాధ్యాయుడు తన భాషలో పావుగంట మాటలాడిన పిమ్మట, అందు ఎన్ని మాటలు తమకు తెలిసినవో మన పిల్లలు లేచి చెప్పుదురు గాక. పెద్దలును చెప్పవచ్చును. ప్రయాణపు ఖర్చులు మాత్రము ముందుగానే పంపవలయును. సభ ముగిసిన తరువాత ఇత్తుమనుట మనకు అలవాటు.