టామ్ విల్సు చరితము

ఆస్ట్రేలియా ఖండమునందలి విక్టోరియా రాష్ట్రమున శీతకాలము వచ్చినంతనే పిన్నలు పెద్దలు నొక కాలిబంతి యాటను జూడ నువ్విళ్లూరుదురు. బంతిని కాలదన్నుటయే గాక చేత బట్టుటయు నందు గలదు. ఆ యాటకు మూలపురుషులలో నొకడగు టామ్ విల్సు చరితమును ఈ మాసమున మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఇతడు 1835 సంవత్సరమున న్యూ సౌత్ వేల్సునందు జన్మించెను. తండ్రి హొరేషియో గొఱ్ఱెల మందలు గల సంపన్నుడు. బాల్యమున నితడు పశ్చిమ విక్టోరియాలో ఆదిమవాసుల బిడ్డలతో నాడుకొని వారి భాషను నేర్చెను. పదునాలుగేండ్ల ప్రాయమున తండ్రి యాతనిని ఇంగ్లండునందలి రగ్బీ పాఠశాలకు బంపెను. అచట చదువుకంటె క్రికెట్టునందే పేరు గాంచి, 1856 చివర స్వదేశము జేరెను.

1858 జూలైలో నితడొక పత్రికకు లేఖ వ్రాసి, చలికాలమున క్రికెట్టు ఆటగాండ్ర దేహములు మొద్దుబారకుండుటకై కాలిబంతి సంఘము నేర్పఱుపవలెనని కోరెను. మఱుసటి యేట మే 17వ తేదీన మెల్బోర్నునందు ఇతడును మఱికొందఱును గూడి 10 నియమములను వ్రాసిరి. నేటి యాటకు నవియే పునాది.

1861లో తండ్రితో గూడ క్వీన్సులాండునకు వలసపోయెను. అక్టోబరు 17న, ఇతడు విడిదికి దూరముగా నుండగా, ఆదిమవాసులు వచ్చి తండ్రితో సహా 19 మందిని జంపిరి. పొరుగున నొక తెల్లవాడు చేసిన హత్యలకు అది పగయని చెప్పుదురు. పిమ్మట తెల్లవారు ప్రతీకారముగా జంపినవారి సంఖ్య అంతకు బెక్కు రెట్లు.

ఐదేండ్లు గడచిన పిదప, 1866లో, ఇతడే విక్టోరియాలోని ఆదిమవాసుల క్రికెట్టు జట్టునకు గురువును నాయకుడును అయ్యెను. క్రిస్మసు మఱునాడు వేలకొలది జనులు వారి యాటను జూచి హర్షించిరి.

కాని లోని గాయము మానలేదు. ఆ ఘోరము పిదప త్రాగుడు హెచ్చెను. ధనము, గౌరవము పోయెను. 1880 మే 2న, 44 ఏండ్ల ప్రాయమున, మతిచలించి తన ప్రాణమును తానే తీసికొనెను.

సోదరీమణులారా! గెలిచి వచ్చిన బిడ్డను పొగడుట యెల్లరకు దెలియును. తండ్రిని గోల్పోయిన బిడ్డను "నాయనా, రాత్రి నిదుర పట్టుచున్నదా?" యని యడుగుట యింటివారికే చెల్లును. త్రాగుడును సిగ్గుచే దాచక, వ్యాధిగా నెంచి వైద్యునికి జూపుటయు మన విధియే. వేలమంది కరతాళధ్వనులు చేయలేని పనిని ఇంటిలోని యొక్క పలుకు చేయగలదని మా నమ్మకము.